చదవకుండా వదిలేసిన వరుస

తీతు పడిపోయిన చోట ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఎవరూ తొక్కకూడదని ఎవరో పెట్టారు. మూడు రోజులుగా ఇంట్లోవాళ్లూ, పరామర్శకు వచ్చినవాళ్లూ ఆ గ్లాసును తప్పించుకుని నడుస్తున్నారు. డిటెక్టివ్ వీరేశం కూడా చుట్టూ తిరిగే వెళ్లి ఫోన్ బల్ల ముందు చతికిలబడ్డాడు.

వీరేశానిది ఏడో తరగతి చదువు. ఇరవై రెండేళ్లు టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా స్తంభాలెక్కాడు. ఒక స్తంభం మీద నుంచి పడి నడుం విరిగాక ఉద్యోగం వదిలేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో కర్రీ పాయింట్ మీది గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించాడు. "స్తంభం మీదున్నప్పుడు ఊరోళ్ల ముచ్చట్లు ఊకెనే ఇంటుంటి. ఇప్పుడు అడిగి ఇంటున్న, గంతే తేడా," అని అందరికీ చెప్పుకుంటాడు. ఈ ఇంట్లో మాత్రం ఇవాళ ఆ ముచ్చట ఎత్తలేదు.

ఇల్లు ఎల్బీనగర్‌లో, మన్సూరాబాద్ పోయే దారిలో ఉంది. హాలు, వంటిల్లు, వెనక ఒక గది. పైన కిరాయివాళ్లు, పగలంతా పనుల మీద పోతారు. సోమవారం సాయంత్రం ఆరూ నలభైకి ఈ హాల్లోనే తీతు నేల మీద కనిపించాడు. వయసు యాభై ఎనిమిది. ముప్పై ఏళ్లు ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చి, రిటైర్మెంటుతో పాటు ఆయాసం తెచ్చుకున్న మనిషి. నుదుటి మీద గాయం. చేతిలో ఆయాసానికి పీల్చుకునే పంపు, ఖాళీది. దవాఖానకు తీసుకెళ్లేసరికి ప్రాణం లేదు. మంగళవారం పొద్దున్నే కొడుకు ప్రేమ్ కుమార్‌ను పోలీసులు పట్టుకుపోయారు. బుధవారం సమాధి దగ్గరికి పావుగంట తీసుకొచ్చి, ఒక పిడికెడు మట్టి వేయనిచ్చి, మళ్లీ జీపెక్కించారు. ఇవాళ గురువారం.

"వందనాలన్నా," అంది రెబెక్క గోడకు ఆనుకుని. తీతు భార్య. చైతన్యపురిలో ఒక చిన్న దవాఖానలో ఆయా. "ఈ ఇంట్ల ఫోను పెట్టింది నువ్వే. నువ్వే తీగ గుంజినవ్. నా కొడుకును గూడ నువ్వే తెచ్చియ్యాలె."

"తెస్త చెల్లె. ముందు జెప్పు, పోలీసోళ్లు వాణ్నే ఎందుకు పట్టుకున్నరు?"

"నేనే పట్టిచ్చిన."

వీరేశం తలెత్తి చూశాడు.

"రోజు నాలుగున్నరకు దవాఖాన కాడికెల్లి ఫోన్ చేస్త. మందేసుకున్నవా, ఆయాసం ఎట్లున్నది అని. సోమారం మూడు సార్లు చేసిన. మూడు సార్లు ఎంగేజ్. నెట్టు గూడ గీ ఫోన్ తీగ మీదనే గద, పోరడు మల్ల నెట్టు మీద కూసున్నడని తిట్టుకున్న. ఎస్సై సారు అడిగితే గదే చెప్పిన. అయితే కొడుకు ఇంట్లనే ఉన్నడన్నట్టు అని రాస్కున్నడు. పైన కిరాయోళ్లు గూడ చెప్పిండ్రట, ఫోన్ కోసం తండ్రీకొడుకులు రోజు కొట్లాడుతరని. కొట్లాట నిజమే. కొట్లాడి ఇద్దరు ఒకటే పళ్లెంల తింటుండె, గది ఎవ్వడు చెప్పలె."

ఆమె ఏడవలేదు. ఏడుపు అయిపోయిన గొంతు అది.

ఫోన్ మీద రిసీవర్ చక్కగా పెట్టి ఉంది. మీటలు నొక్కే రకం. సోమవారం తరవాత దీన్ని ఎవరైనా వాడారా అని అడిగాడు. లేదంది రెబెక్క. ఆ రోజు పక్కవీధి ఆటోను కేకేసి పిలిచారు. తరవాత పోలీసులు ఎవరూ ముట్టుకోవద్దన్నారు.

"ముట్టుకోవద్దన్నరు, మరి వాళ్లు ముట్టుకున్నరా?"

"వేలిముద్రలకని పొడి చల్లి చూసిండ్రు. పోయిండ్రు."

వీరేశం రిసీవర్ ఎత్తి, కింది వరుసలో చివరి మీట నొక్కాడు. ఆఖరున ఏ నంబరుకు చేశారో దానికే మళ్లీ చేసే మీట. నాలుగు రింగుల తరవాత ఒక ఆడగొంతు పలికింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రేమ్ కుమార్ పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. మాట్లాడుతున్నది రిసెప్షన్ శ్రీకళ.

"అమ్మా శ్రీకళా, నేను ప్రేమ్‌కు మామనైత. సోమారం మీ సారు ఎన్నింటికొచ్చిండో యాదికున్నదా?"

"నాలుగింటికే ఒచ్చిండండి. నాలుగు ఐదుకు నాతోని చాయ్ తాగిండు. క్లాసు నాలుగున్నరకు. పోలీసులకు గూడ చెప్పిన, రిజిస్టర్‌ల క్లాసు టైమే ఉన్నది, చాయ్ టైం లేదన్నరు."

"క్లాసుల నుంచి బయటికొచ్చిండా నడుమల?"

"ఒక్కసారి. ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ. ఇంటి కాడికెల్లి ఫోనొచ్చింది. క్లాసుల ఉంటే పిలువం గానీ, ఆ అమ్మాయి ఏడుస్తుండె. అందుకే పిలిచిన."

"అమ్మాయా?"

"అమ్మాయి గొంతే."

వీరేశం రిసీవర్ పెట్టేశాడు. ఎవరది అన్నా అని రెబెక్క అడిగింది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లే అని చెప్పి లేచాడు. ఈ ఇంట్లో అమ్మాయి ఒక్కతే. ఆమె సోమవారం కాలేజీ నుంచి తిన్నగా తల్లి పనిచేసే దవాఖానకు పోయి, ఆరూ నలభైకి తల్లితో కలిసే ఇంటికి వచ్చానని పోలీసులకు చెప్పింది.

వెనక గదిలో కంప్యూటర్ ముందు జోస్నా కూర్చుని ఉంది. తీతు కూతురు, ప్రేమ్ చెల్లెలు. పంతొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. డబ్బా పోలీసులు తీసుకుపోలేదు. అది రాసుకున్న చిట్టాను కాగితాల మీద అచ్చు తీసుకుని పోయారు. తెర నల్లగా ఉంది, దాని మీద తెల్ల అక్షరాలు. బొమ్మలేమీ లేవు.

"ఏం కోడలా, ఇది నన్ను ఇంగ్లీషుల తిడుతదా?" అన్నాడు వీరేశం స్టూలు లాక్కుని.

మామూలు రోజైతే జోస్నా అంతకు రెండింతలు అంటించేది. ఇవాళ "ఇది లినక్స్ మామా" అని ఊరుకుంది.

"నాకు తీగ తెలుసు, స్తంభం తెలుసు. ఈ డబ్బా ఫోనెట్ల చేస్తదో తెల్వదు. రెండో తరగతి పోరనికి చెప్పినట్టు చెప్పు."

"దీనికి మూడు ముచ్చట్లు చెప్పాలె. ఏ నంబరు కొట్టాలె, అవతలోడు ఎవరని అడిగితే ఏ పేరు చెప్పాలె, లైన్ తెగితే ఏం చెయ్యాలె. మూడు గూడ ఫైళ్లల్ల రాసుంటయి. రాసింది అన్న పేరు. మేమిద్దరం దాంతోనే పోతం."

"నువ్వు కూసున్నా అన్న పేరే చెప్తదా?"

"అన్న పేరే చెప్తది."

వీరేశం జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు. "లైన్ తెగితే ఏం చెయ్యమని రాసుంది?"

ఆమె ఒక ఫైలు తెరిచింది. నాలుగైదు పొట్టి వరుసలు. "పర్సిస్ట్ అని ఉంది. పట్టుబట్టి మల్ల చెయ్యమని. ముప్పై సెకన్లు ఆగి మల్ల చేస్తది. మనం ఆపేదాక చేస్తనే ఉంటది."

"గీ పక్కనున్నదేంది?"

"ఎక్స్-త్రీ. మన ఎక్స్‌ఛేంజ్ డయల్ టోన్ ఈ మోడెంకు, గీ ఫోన్ తీగ కలిపే పెట్టెకు, అర్థం గాదు మామా. టోన్ రాలేదని ఊకె కూసుంటది. గందుకే మన ఏరియాల అందరు ఎక్స్-త్రీ పెట్టుకుంటరు. టోన్ ఇనకుంటనే నంబరు కొట్టేస్తది. ఇన్‌స్టిట్యూట్‌ల మొదటి రోజు చెప్పేదే గది."

"ఇరవై రెండేండ్లు మా టోన్‌కు పేరు పెట్టినోడు లేడు. ఈ డబ్బా పెట్టింది సూడు," అన్నాడు వీరేశం. నోరు నవ్వింది గానీ బుర్ర ఇంకెక్కడో ఉంది. టోన్ వినకుండా కొట్టడమంటే, లైన్లో మనిషి ఉన్నాడా లేడా చూడకుండా కొట్టడం. స్తంభం మీద ఏ లైన్‌మన్ అయినా ముందు చెవి పెడతాడు, తరవాతే చెయ్యి పెడతాడు. అది మొదటి రోజు పాఠం వాళ్లకు.

"ఈ ఫైలు ఎప్పుడు మార్చిండ్రు?"

"సోమారం పొద్దున. ఏడు పదికి."

"ఎవరు?"

"అన్నే అయ్యుంటడు."

"సరే. ఆ సాయంత్రం ఏమైందో అది రాస్కుంటదంట గదా. చదువు."

జోస్నా ఇంకో ఫైలు తెరిచింది. ఒక్కో వరుస ముందు తేదీ, టైము. ఇంగ్లీషు అక్షరాలు వీరేశానికి చీమల బారులాంటివి. అంకెలు మాత్రం ఎవరి భాషా కావు. ఆమె వేలు పెట్టి చదువుతుంటే అతను అంకెలొక్కటే నోట్‌బుక్‌లోకి దించుకున్నాడు.

"పదహారు గంటల సున్నా నిమిషాల సున్నా సెకన్లు. స్టార్టెడ్ బై ప్రేమ్. తర్వాత కనెక్ట్ అయింది. నాలుగు పద్దెనిమిది, మోడెం హ్యాంగప్. అంటే లైన్ తెగింది. నాలుగు పంతొమ్మిది, మల్ల కనెక్ట్. నాలుగు ఇరవై, హ్యాంగప్. మల్ల కనెక్ట్. నాలుగు ఇరవై రెండు హ్యాంగప్. నాలుగు ఇరవై నాలుగు హ్యాంగప్. నాలుగు ఇరవై ఆరు హ్యాంగప్. నాలుగు ఇరవై ఏడు, కనెక్ట్ అయింది."

వేలు అక్కడ ఆగింది. ఆగి, ఒక మీట నొక్కింది. తెర ఖాళీ అయింది.

"గంతే మామా."

తెర ఖాళీ అయ్యే ముందు కింద ఇంకో వరుస ఉంది. వీరేశం చూశాడు. దాని ముందు అంకెలు 16:52. నోట్‌బుక్‌లో రాసుకోలేదు. రాయాల్సిన అవసరం లేదు, అలాంటి అంకె మరిచిపోయేది కాదు.

నాలుగు పద్దెనిమిదికి మొదలై ఎనిమిది నిమిషాల్లో ఐదు సార్లు లైన్ తెగింది. అంతకు ముందు పద్దెనిమిది నిమిషాలు తెగలేదు. ఆ తరవాతా తెగలేదు. వానా లేదు, గాలీ లేదు ఆ రోజు. లైన్ తెగడానికి ఇరవై రకాల కారణాలు వీరేశానికి తెలుసు. ఈ కొలతలో తెగేది ఒక్కటే కారణానికి.

"కోడలా, ఒక్కసారి లైన్ కలుపు."

"ఎందుకు?"

"కలుపు బిడ్డా."

ఆమె వేళ్లు మీటల మీదికి వెళ్లి ఆగాయి. తరవాత చూడకుండానే కొట్టింది. డబ్బా పక్కనున్న మోడెం మీద ఎర్ర దీపాలు వెలిగాయి. నంబరు కొట్టేటప్పుడు వచ్చే కీచు చప్పుడు లేదు. ఆ చప్పుడు రాకుండా కూడా ఎవరో ఫైల్లో రాసిపెట్టారు. హాల్లో నిద్రపోతున్న మనిషికి తెలియకూడదని.

వీరేశం హాల్లోకి వెళ్లి రిసీవర్ ఎత్తాడు. చెవిలో కీచుమని అరుపు, ఇనుప రేకు మీద మేకు గీసినట్టు. "తెగింది," అంది జోస్నా లోపలి నుంచి, సన్నగా. అరుపు ఆగింది. డయల్ టోన్ వచ్చింది. వీరేశం నెమ్మదిగా మీటలు నొక్కడం మొదలుపెట్టాడు, ఊపిరాడని మనిషి ఎంత నెమ్మదిగా నొక్కుతాడో అంత నెమ్మదిగా. ముప్పై సెకన్లు. నాలుగో అంకె మీద వేలుండగా చెవిలో టకటకా వేరే అంకెలు పడ్డాయి. మోడెం అతని మీదుగా డయల్ చేసేసింది. మళ్లీ కీచు.

రెబెక్క వచ్చి అతని చేతిలోంచి రిసీవర్ తీసుకుని చెవికి పెట్టుకుంది.

"గిదేం సప్పుడన్నా?"

చెప్పక తప్పలేదు.

"మిషిని లైన్ల ఉంటే రిసీవర్ ఎత్తినోనికి గిదే ఇనపడ్తది చెల్లె. ఎత్తితే తెగుతది. తెగినంక మిషిని మల్ల చేస్తది. సోమారం నాలుగు పద్దెనిమిది నుంచి ఇరవై ఆరు దాక ఐదు సార్లు తెగింది. ఐదు సార్లు బావ ఎత్తిండు."

"ఎవరికి చెయ్యనీకి?"

"నీకే అయ్యుంటది."

రెబెక్క రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకుంది. "ఆయన గిటు నుంచి, నేను గటు నుంచి," అంది. "నేను తిట్టుకుంట చేస్తుంటినన్నా."

వెనక గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. జోస్నా స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కుళాయి తిప్పింది. నీళ్లు పడుతూనే ఉన్నాయి.

ఒంటిగంటకు కొడుకుకు అన్నం తీసుకెళ్తానంది రెబెక్క. జోస్నాను ఇంట్లోనే ఉంచమన్నాడు వీరేశం. ఆ పిల్లను ఒంటరిగా వదిలి రానంది తల్లి. మీరిద్దరూ ఆటోలో రండి, నేను ముందు పోయి సారును కొంచెం మెత్తబరుస్తానని చెప్పి స్కూటర్ ఎక్కాడు.

ఎస్సై రామమోహనరావుది తెనాలి వైపు. లాఠీ బల్ల మీద పెట్టి, దాని పక్కన అచ్చు కాగితాలు పేర్చుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా స్తంభాల డిటెక్టివ్వూ, నిన్నెవరు పిలిచారు?"

"మీరే పిలిచినట్టున్నరు సార్. కలల."

"ఈ కేసు నీ తలకెక్కేది కాదు. ఇదంతా కంప్యూటర్ సాక్ష్యం. ఇదిగో, స్టార్టెడ్ బై ప్రేమ్, సాయంత్రం నాలుగు గంటలు. అతనే ఒప్పుకున్నాడు, నేనే ఆన్ చేసి నాలుగూ ఐదుకి ఇంట్లోంచి బయల్దేరానని. గొడవైంది, తోశాడు, ముసలాయన నుదురు బల్లకి కొట్టుకుంది. బండేసుకుని నాలుగున్నరకి క్లాసులో నుంచున్నాడు. ఇక నీ పాండిత్యం చెప్పు."

"పాండిత్యం ఏడో తరగతికాన్నే ఆగింది సార్. ఒక్కటే అడుగుత. మీ చేతి గడియారంల సెకన్ల ముల్లుందా?"

"ఉంది. అయితే?"

"ముల్లు పన్నెండు మీదికి రాంగనె గీ బెల్లు కొట్టున్రి. నేను నా గడియారంల చూస్త."

రామమోహనరావు ఇదేం పిచ్చి అన్నట్టు చూశాడు. పౌరుషం మాత్రం ఊరుకోలేదు. బల్ల మీది బెల్లు కొట్టాడు. ముల్లు ఒకటి దాటింది. ఇంకోసారి కొట్టాడు, ముల్లు పన్నెండుకు రాకముందే. మూడోసారికి బెల్లు విని చాయ్ కుర్రాడు గ్లాసులతో లోపలికొచ్చాడు. గుమ్మం దగ్గరి కానిస్టేబులు నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

"చూసిన్రా. మనిషన్నోడు సున్నా సెకన్లకు కొట్టలేడు. మీ కాగితంల నాలుగు గంటల సున్నా నిమిషాల సున్నా సెకన్లున్నది. ముందుగాల చెప్పిపెడితే ఆ టైముకు మిషిని అదే మొదలువెట్టుకున్నది. ఆ టైంకు ప్రేమ్ దిల్‌సుఖ్‌నగర్‌ల చాయ్ తాగుతుండు."

"మరి నేనే ఆన్ చేశానని అతనెందుకు చెబుతున్నాడు?"

వీరేశం దగ్గర దానికి సమాధానం ఉంది. చెప్పలేదు.

"గది వాన్నే అడుగుత. ఐదు నిమిషాలియ్యున్రి. ఆ కాగితం గూడ ఇయ్యున్రి."

"నువ్వు తీగలు సవరించుకునేవాడివి. నాకు తీర్పులు చెప్పకు," అన్నాడు రామమోహనరావు. అయినా కాగితం తోశాడు. "పోస్ట్‌మార్టం రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుంది. నాలుగున్నర లోపల పోయాడని దాన్లో ఉంటే నీ బెల్లు నీ దగ్గరే పెట్టుకో."

ప్రేమ్ కుమార్ లోపలి గదిలో బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లు. చొక్కా అంచుకు నిన్నటి సమాధి మట్టి అలాగే ఉంది.

వీరేశం పక్కనే కూర్చుని కాగితం చివరి వరుస మీద బొటనవేలు పెట్టాడు. "నాకు ఇంగ్లీషు రాదురా అల్లుడా. గిదేందో చదువు."

ప్రేమ్ చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

"చెల్లె గూడ చదువలె. తెర తుడిచేసింది."

"మామా, గది ఒదిలెయ్."

"నాలుగు యాభై రెండు. నువ్వు క్లాసుల ఉన్నవు. మీ నాయిన నేల మీదున్నడు. గీ వరుసల ఏమున్నది?"

"టర్మినేటింగ్ ఆన్ సిగ్నల్ ఫిఫ్టీన్," అన్నాడు ప్రేమ్, నేలను చూస్తూ. "లైన్ తెగితే హ్యాంగప్ అని రాస్తది. గిది తెగుడు గాదు. ఎవరో మిషిని ముంగట కూసొని ఆపిండ్రు."

"నాలుగు యాభై ఐదుకు నీకు ఫోనొచ్చింది. శ్రీకళ చెప్పింది."

ప్రేమ్ రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు. వేళ్ల మధ్య నుంచి మాటలొచ్చాయి.

"చెల్లెను నేనే ఉడికిచ్చిన మామా. మన లైన్ మీద పావుగంట కంటె నెట్టు నిలబడదు. గంట నిలబెట్టు సూద్దాం, నిలబెడితే నువ్వే సారువి, నేను నీకు చాయ్ తెచ్చిస్త అన్న. ఆదివారం చర్చికెల్లి ఒచ్చేటప్పుడు. చెల్లె గది పట్టుకున్నది. పర్సిస్ట్ నేర్పింది నేనే. పెద్ద ఫైలొకటి దిగేటట్టు పెట్టి, నాలుగింటికి అదే మొదలయ్యేటట్టు పెట్టి కాలేజ్ పోయింది. సాయంత్రం నేనొచ్చి సూడాలెనని. నాయిన నిద్రల ఉంటడు, అమ్మ ఒక్క రోజు ఎంగేజ్ ఒస్తే ఏమైతది అనుకున్నది. ఆగబట్టలేక క్లాసెగ్గొట్టి జల్ది ఇంటికొచ్చింది, నిలబడ్డదా లేదా సూద్దామని."

"ఒచ్చేసరికి?"

"పడి ఉన్నడు. ముందు నెట్టు ఆపింది, ఫోన్ ఖాళీ చెయ్యనీకి. ఆపి నాకు చేసింది. పిలిస్తే పలుకుతలేడన్నా, ఊపిరి తెలుస్తలేదన్నా అని ఏడ్చింది. చెయ్యి మాత్రం వెచ్చగున్నదన్నది."

గది బయట ఎవరో రేడియో సౌండు పెంచారు, తగ్గించారు.

"నాకు అర్థమైపోయింది మామా, ఏమైందో. ఫోన్ కోసమే లేచిండని. చచ్చిపోయిండనుకున్న. రేపు ఎవరన్న అడిగితే చెల్లె పేరొస్తది, చెల్లె సంపిందంటరు, అది బతుకదు అనుకున్న. నువ్వు ఇంట్ల ఉండకు, అమ్మ కాడికి పో, అమ్మతోనే ఇంటికి రా, ఎవరికి చెప్పకు అన్న. గంతే అన్న. దవాఖానకు ఫోన్ చెయ్ అనలే. మల్ల పోయి పాఠం చెప్పిన. ఏం పాఠం చెప్పిన్నో నాకే తెల్వదు."

వీరేశం దగ్గర ఏ మనిషినైనా ఒక్క మాటతో నవ్వించే సరుకు ఎప్పుడూ ఉంటుంది. ఇవాళ మాత్రం అల్లుడి వీపు మీద చెయ్యి వేశాడు.

"ఐదు సార్లు ఫోనెత్తినంక పోయి ఉంటడురా. చెల్లె ఒచ్చేసరికి అయిపోయింది. నువ్వు ఎవరికి ఫోన్ చేసినా బావ దక్కుతుండెనా?"

"అంతేనా మామా?"

"అంతే."

తలుపు తోసుకుని రామమోహనరావు వచ్చాడు. చేతిలో గోధుమరంగు కవరు, సగం చింపినది. అతని వెనక గుమ్మంలో టిఫిన్ డబ్బాతో రెబెక్క, ఆమె వెనక జోస్నా.

"ఏం బెల్లు కొట్టావో గానీ, నువ్వే గెలిచావయ్యా," అన్నాడు ఎస్సై. గెలిపించినందుకు కోపంగానే అన్నాడు. "లేవయ్యా ప్రేమ్ కుమార్. నువ్వు చంపలేదు. ఎవరూ చంపలేదు. ఆయాసంతో పోయాడు. నుదుటి దెబ్బ పడినప్పుడు తగిలింది, దాంతో పోయేది కాదన్నారు. పోయిన టైము కూడా నీకు కలిసొచ్చింది. స్పృహ తప్పి చాలాసేపు ఊపిరితోనే ఉన్నాడట. ఐదున్నరకీ ఆరుకీ మధ్య పోయాడు. ఆ టైములో నువ్వు నలభై మంది ముందు నుంచున్నావ్. సంతకం పెట్టి ఇంటికెళ్లు."

"స్తోత్రం తండ్రీ," అంది రెబెక్క. డబ్బా కింద పెట్టి కొడుకు దగ్గరికి వచ్చి రెండు చేతులతో అతని తల పట్టుకుంది. ప్రేమ్ కదల్లేదు. అతని కళ్లు తల్లి మీద లేవు, గుమ్మం మీద ఉన్నాయి.

"ఎన్నింటికి సార్?" అంది జోస్నా.

వీరేశం ఎస్సై కంటే ముందు లేచాడు. "నాలుగున్నరకు కోడలా. నాలుగున్నరకే పోయిండు. సారు పొద్దట్నుంచి ఏం తినలే, అంకెలు అటుఇటయితున్నయి. పా, మనం బయట చాయ్ తాగుదాం."

జీవితంలో వంద అబద్ధాలు నవ్వుతూ నమ్మించినవాడు. ఈ ఒక్కటి నమ్మించాలని ఇంతలా ఎప్పుడూ కోరుకోలేదు.

రామమోహనరావు ఊరుకోలేదు. ఇవాళ రెండుసార్లు చులకనయ్యాడు. కాగితం పైకెత్తి, కళ్లద్దాలు సర్దుకుని, అక్షరం అక్షరం విడదీసి చదివాడు. "సాయంత్రం ఐదున్నర, ఆరు గంటల మధ్య. డాక్టర్ సంతకం ఉంది. ఇంకా అనుమానముంటే ఇదిగో, నువ్వే చదువుకోమ్మా."

జోస్నా కాగితం తీసుకోలేదు. పెదవులు ఏదో లెక్కపెట్టాయి. నాలుగు యాభై రెండు నుంచి ఐదున్నరకు.

"లే బిడ్డా," అంటోంది రెబెక్క, కొడుకు భుజం పట్టి లేపుతూ. "ఇంటికి పోదాం. ఏమైందిరా, ఇద్దరికి ఏమైంది?"

వీరేశం తల తిప్పేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. స్టేషన్ మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఆ తరవాత విజయవాడ రోడ్డు మీద లారీల హారన్లు ఒకదాని మీద ఒకటి. బెంచీని తోసి, ఎస్సైని తోసి, విరిగి అతికిన నడుంతోనే ఆ హారన్ల వైపు పరిగెత్తాడు.